ఎలిజిబుల్ ఎవరి మాట, సూటబుల్ ఎవరి మాట

నోటిఫికేషన్ చేతికి రాగానే పిల్లలు ముందు ఖాళీలు ఎన్నో చూస్తారు, తర్వాత జీతం చూస్తారు, ఆ తర్వాత పరీక్ష ఎప్పుడో చూస్తారు. నా కళ్లు మాత్రం వేరే చోటికి పోతాయి. ఎలిజిబుల్, క్వాలిఫైడ్, సూటబుల్, ఫిట్, కాంపిటెంట్, ఎన్‌టైటిల్డ్. ఈ మాటలు ఎక్కడెక్కడ పడ్డాయో వెతుక్కుంటాను. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా నా బల్ల మీద నలిగినవన్నీ ఈ మాటలున్న ఫైళ్లే. ఇప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు దరఖాస్తులు నింపేటప్పుడు పక్కన కూర్చుంటున్నాను. వీటన్నిటికీ మనం 'అర్హత' అనేసి ఊరుకుంటాం. అక్కడే చిక్కు. ఈ మాటల్లో ప్రతిదాని వెనకా నిర్ణయించే చెయ్యి ఒకటి ఉంటుంది. ఒక్కోచోట అది రూలు, ఒక్కోచోట పరీక్ష, ఒక్కోచోట డాక్టరు, ఒక్కోచోట కుర్చీలో కూర్చున్న నలుగురు. ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే ఎక్కడ పోట్లాడాలో తెలుస్తుంది, ఎక్కడ మనసు కష్టపెట్టుకోనక్కర్లేదో కూడా తెలుస్తుంది.

1. ఎలిజిబుల్ అన్నది రూలు చెప్పే మాట

లాటిన్‌లో 'ఎంచుకోవడం' అనే ధాతువు నుంచి వచ్చిందీ మాట. ఎలక్షన్ కూడా అక్కడిదే. కాబట్టి ఎలిజిబుల్ అంటే ఎంచుకోవడానికి వీలున్నవాడు అని మాత్రమే అర్థం. ఎంచుకున్నారని కాదు, మంచివాడని కాదు, తెలివైనవాడని అసలే కాదు.

రాజ్యాంగం 58వ అధికరణం తీసి చూడండి. రాష్ట్రపతి పదవికి ఎవరు ఎలిజిబుల్ అంటే భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, లోక్‌సభ సభ్యుడిగా ఎన్నిక కావడానికి క్వాలిఫైడ్ అయి ఉండాలి, లాభదాయక పదవిలో ఉండకూడదు. 157వ అధికరణంలో గవర్నరు సంగతి ఇంకా స్పష్టం. పైన శీర్షిక క్వాలిఫికేషన్స్ అని ఉంటుంది, కింద వాక్యంలో ఎలిజిబుల్ అని ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయంటే, క్వాలిఫికేషన్ అన్నది మన దగ్గర ఉన్నది, ఎలిజిబిలిటీ అన్నది దానివల్ల మనకు కలిగే స్థితి. వయసు, పౌరసత్వం, డిగ్రీ క్వాలిఫికేషన్లు. అవన్నీ ఉన్నందువల్ల మనం ఎలిజిబుల్ అవుతాం.

రూలు చెప్పే మాట కాబట్టి దీనికి తేదీ ఉంటుంది. ఈ సంగతి దగ్గరే ఎక్కువమంది పిల్లలు దెబ్బతింటున్నారు. బీఈడీ చివరి సెమిస్టరు రాసి, ఫలితాలు రాకముందే దరఖాస్తు పెట్టేస్తారు. హాల్‌టికెట్ వస్తుంది, పరీక్ష రాస్తారు, ర్యాంకు కూడా వస్తుంది. తీరా సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో 'మీరు ఎలిజిబుల్ కాదమ్మా' అంటారు. ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచుకున్నాక ఆ మాట వినడం ఎంత నరకమో నేను చూశాను. దరఖాస్తులకు ఆఖరి తేదీ నాటికి అర్హతలు ఉండి తీరాలని 1993లో రేఖా చతుర్వేది కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటిఫికేషన్‌లో ఫలానా తేదీ నాటికి అని విడిగా ఉంటే ఆ తేదీ, లేకపోతే దరఖాస్తుల గడువు తేదీ. హాల్‌టికెట్ వచ్చింది కదా అని ధీమా పడకండి. అది ప్రొవిజనల్ అని దాని మీదే రాసి ఉంటుంది.

ఇందులో ఒక మేలు కూడా ఉంది. రూలు కాగితం మీద ఉంటుంది కనుక ఇన్‌ఎలిజిబుల్ అంటే ఏ క్లాజు ప్రకారమో అడగొచ్చు, రాతపూర్వకంగా తెప్పించుకోవచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు. అలా పోరాడి నెగ్గినవాళ్లున్నారు.

2. క్వాలిఫై కావడం అంటే గీత దాటడం, సీటు రావడం కాదు

'మావాడు ఎంసెట్ క్వాలిఫై అయ్యాడండీ' అని తండ్రి సంబరపడతాడు. ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయినా ఊళ్లో ఎంసెట్టే. 160 మార్కులకు 40 వస్తే క్వాలిఫై అయినట్టే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. 40 మార్కులతో కోరిన కాలేజీలో కోరిన బ్రాంచి వస్తుందా? రాదు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరుకి 33 శాతం వస్తే చాలు, అది క్వాలిఫయింగ్ పేపరు. అందులో నూటికి తొంభై తెచ్చుకున్నా మెరిట్‌లో ఒక్క మార్కు కలవదు. ఈ సంగతి పట్టించుకోక దానిమీదే నెలలు పోసేవాళ్లున్నారు. చిన్నచూపు చూసి 33 శాతం దగ్గరే బోల్తా పడ్డవాళ్లూ ఉన్నారు.

టెట్ సంగతి వింటే ఈ రెండు మాటల బంధుత్వం ఇంకా బాగా తెలుస్తుంది. దాని పేరే టీచర్ ఎలిజిబిలిటీ టెస్ట్. 150 మార్కుల పరీక్షలో ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు 40 రావాలి. అది 'క్వాలిఫై' అయితే డీఎస్సీకి 'ఎలిజిబుల్' అవుతారు. టెట్‌కి మాత్రం ఇంకో సుగుణం ఉంది, మార్కుల్లో 20 శాతం వెయిటేజీ డీఎస్సీలో కలుస్తుంది. కాబట్టి గీత దాటాక కూడా మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడం దండగ కాదు. ఆ సర్టిఫికెట్‌కి ముందు ఏడేళ్లే గడువుండేది. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలం చేసింది, 2011 నుంచి పాసైనవాళ్లకి కూడా వర్తించేలా.

విదేశాల్లో మెడిసిన్ చదివి వచ్చిన పిల్లల బాధ వేరు. కిర్గిజ్‌స్తాన్ వెళ్లారు, ఫిలిప్పీన్స్ వెళ్లారు, పట్టా తెచ్చుకున్నారు. ఇంగ్లిషులో చెప్పాలంటే వాళ్లు డాక్టర్లుగా క్వాలిఫై అయ్యారు. కానీ ఎఫ్ఎంజీఈ అనే స్క్రీనింగ్ పరీక్షలో 300కి 150 తెచ్చుకుని, ఇక్కడ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యేదాకా వైద్యం చేయడానికి ఎలిజిబుల్ కారు. పట్టా ఇచ్చింది అక్కడి యూనివర్సిటీ, అనుమతి ఇవ్వాల్సింది ఇక్కడి చట్టం. చెయ్యి మారింది. పిల్లల్ని పంపేముందు తల్లిదండ్రులు ఏజెంటుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

3. చదువు ఎక్కువైనా ఇన్‌ఎలిజిబుల్ కావచ్చు

పంజాబ్ నేషనల్ బ్యాంక్ ప్యూన్ ఉద్యోగాలకు ఇంటర్ చదివినవాళ్లు కావాలనీ, డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులు కారనీ ప్రకటన ఇచ్చింది. డిగ్రీ ఉన్న ఒకతను ఆ సంగతి దాచి దరఖాస్తు పెట్టాడు. 2020లో సుప్రీంకోర్టు బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది. ఇంట్లో పరిస్థితి బాగాలేక చిన్న ఉద్యోగమైనా చాలనుకునే పిల్లలు మన దగ్గర ఎంతోమంది. నాకు వాళ్ల మీద జాలే తప్ప కోపం లేదు. అయినా చదివింది దాచవద్దనే చెబుతాను, ఆ దాచడమే తర్వాత ఉద్యోగం ఊడగొడుతుంది. గరిష్ఠ అర్హత అని ఉందేమో ముందే చూసుకోండి.

4. సూటబుల్ అన్నది ఎంచుకునేవాళ్ల మాట

అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించిన మాట ఇది.

ఒక ఫైలు గుర్తుంది. ప్రమోషను కోసం డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ కూర్చుంది. జోన్ ఆఫ్ కన్సిడరేషన్‌లో, అంటే ప్రమోషనుకి పరిశీలించాల్సిన వరుసలో ఉన్నవాళ్ల జాబితా నేనే తయారుచేశాను. సర్వీసు సరిపోయింది, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసయ్యారు, క్రమశిక్షణ కేసులు లేవు. అంటే అందరూ ఎలిజిబుల్. కమిటీ మినిట్స్‌లో మాత్రం కొందరి పేర్ల ఎదురుగా 'సూటబుల్', ఒకాయన పేరు ఎదురుగా 'నాట్ యెట్ సూటబుల్' అని వచ్చింది. ఆయన సాయంత్రం నా దగ్గరికొచ్చి, 'అన్ని టెస్టులూ పాసయ్యాను కదయ్యా, నాకు అర్హత లేదంటారేంటి' అన్నారు. అర్హత లేదని ఎవరూ అనలేదు, ఆయనకు అది తెలుగులో అలా వినపడింది. కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల్లో ఏముందో దానిమీద కమిటీ తన అభిప్రాయం చెప్పింది. 'యెట్' అన్న చిన్న ముక్క వచ్చే సంవత్సరం మళ్లీ చూస్తామని చెబుతోంది. కాపీ తెచ్చుకుని ఆ రిపోర్టుల మీద అప్పీలు పెట్టమన్నాను. టెస్టుల సర్టిఫికెట్లు మళ్లీ జత చేసి లాభం లేదు.

ఈ తేడా చిన్నది కాదని సుప్రీంకోర్టే తేల్చింది. 2009లో మహేశ్ చంద్ర గుప్తా కేసులో హైకోర్టు న్యాయమూర్తుల నియామకం గురించి చెబుతూ, ఎలిజిబిలిటీ మీద కోర్టు విచారించవచ్చు, సూటబిలిటీ మీద విచారించదు అంది. పదేళ్లు అడ్వకేటుగా చేశారా లేదా అన్నది లెక్క తేలే సంగతి. ఆ పదవికి తగినవారా కాదా అన్నది సంప్రదింపుల్లో తేలవలసిన సంగతి. 2023లో మద్రాసు హైకోర్టు నియామకం ఒకటి వివాదమైనప్పుడు కూడా కోర్టు ఈ గీత దగ్గరే ఆగింది.

చేతిలో ఉన్న ఆ విచక్షణని దుర్వినియోగం చేసినప్పుడు మాత్రం మౌనంగా ఉండకూడదు. రిజర్వుడు పోస్టుకి అన్ని డిగ్రీలూ ఉన్న పిల్లలు ఇంటర్వ్యూకి వస్తారు. చివర్లో 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాసి పోస్టు ఖాళీగా ఉంచుతారు. ఉన్నత విద్యాసంస్థల మీద ఈ ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉంది. తగిన అభ్యర్థులు దొరకలేదన్న మూస జవాబు ఒప్పుకునేది లేదని పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ సంక్షేమ కమిటీ 2022లో ఎయిమ్స్ విషయంలో గట్టిగానే చెప్పింది. ఆ మూడు మాటలు ఒక కుటుంబం మూడు తరాల కష్టాన్ని ఒక్క గీతతో కొట్టేస్తాయి. రాసేవాళ్లు కారణం కూడా రాయాలని నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ నోట్ ఫైల్లో పెడుతూనే వచ్చాను, ఇప్పటికీ అదే అంటాను.

ఈ చేతిని కొంత కట్టడి చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1980లో అజయ్ హాసియా కేసులో, ఇంటర్వ్యూకి మొత్తం మార్కుల్లో 15 శాతం మించి కేటాయించడం సబబు కాదని సుప్రీంకోర్టు అంది. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి పోస్టులకూ గెజిటెడ్ కాని గ్రూప్ బీ పోస్టులకూ ఇంటర్వ్యూలే తీసేసింది. సూటబుల్ అనే మాట బలం అంతమేర తగ్గింది.

పెళ్లి సంబంధాల్లోనూ ఇదే మాట. పేపర్లో 'సూటబుల్ అలయన్స్ కావలెను' అని వేస్తారు. సంబంధం కుదరలేదంటే మన అమ్మాయిలో లోపం ఉందని కుమిలిపోయే తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. సూటబుల్ అన్న మాట ఎప్పుడూ 'దేనికి, ఎవరికి' అన్న ప్రశ్నతోనే పూర్తవుతుంది. వాళ్లకి సరిపడలేదు, అంతే. అమ్మాయికి వచ్చిన మచ్చ ఏమీ లేదు.

5. ఫిట్ అంటే బలం కాదు, సరిపోవడం

రైల్వేలోనో పోలీసులోనో రాతపరీక్ష గెలిచి మెడికల్‌లో అన్‌ఫిట్ అయిన పిల్లవాడు ఇంటికొచ్చి తలుపేసుకుంటాడు. చూపులో తేడానో రంగులు గుర్తుపట్టడంలో తేడానో ఉంటే సిగ్నల్ చూడాల్సిన ఉద్యోగానికి అన్‌ఫిట్, ఆఫీసు ఉద్యోగానికి అదే మనిషి ఫిట్. అందుకే రైల్వేలో వైద్య ప్రమాణాలు కేటగిరీలవారీగా పెట్టారు. కాగితం మీద టెంపరరీ అన్‌ఫిట్ అని ఉందా, పర్మనెంట్ అని ఉందా, అప్పీలుకి గడువెంత, ముందు ఇవి చూడండి. ఏడుపు తర్వాత.

లారీకీ స్కూలు బస్సుకీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది. ఎనిమిదేళ్లలోపు రవాణా బండికి రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా చేయించాలి. బండి అందంగా ఉందా అని అక్కడ ఎవరూ చూడరు, రోడ్డెక్కడానికి తగినట్టుందా అని చూస్తారు.

'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' అన్న మాట మన ఉపన్యాసాల్లో ఎంత వంకర తిరిగిందో! బలవంతుడిదే రాజ్యం అని దానికి అర్థం చెప్పేస్తున్నారు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ వాడిన మాట అది. డార్విన్ 1869లో తన పుస్తకం ఐదో కూర్పులోకి తీసుకున్నాడు. చుట్టూ ఉన్న పరిస్థితులకు బాగా ఒదిగిన ప్రాణి అని డార్విన్ ఉద్దేశం. చలిప్రాంతంలో సింహం కంటే ఒంటినిండా బొచ్చున్న చిన్న జంతువు ఫిట్. పిల్లలకు పాఠం చెప్పే టీచర్లు ఈ ఒక్కటి సరిదిద్దితే చాలు.

6. కాంపిటెంట్

సర్టిఫికెట్ మీద కాంపిటెంట్ అథారిటీ సంతకం అడిగితే, తెలివైన ఆఫీసరు అని కాదు, చట్టం అధికారమిచ్చిన ఆఫీసరు అని. మంచివాడని ఎమ్మార్వో ఆఫీసులో పక్క బల్ల ఆయనతో సంతకం పెట్టించుకుంటే చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్లో కూడా ఒప్పందం చేసుకోవడానికి కాంపిటెంట్ ఎవరంటే మేజరు, మతి స్థిమితం ఉన్నవారు, చట్టం అనర్హులుగా ప్రకటించనివారు. మైనరు రాసిన తాకట్టు పత్రం చెల్లదని 1903లో మొహొరి బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ప్రైవేటు కంపెనీవాళ్లు కాంపిటెంట్ అంటే మాత్రం పని వచ్చినవాడనే.

7. అన్‌క్వాలిఫైడ్ అని చూసి కంగారు పడకండి, ఎక్కడుందో చూడండి

ఒక పరపతి సంఘం సర్వసభ్య సమావేశానికి నన్ను పిలిచారు. ఆడిటరు రిపోర్టు చదువుతుంటే అందులో 'అన్‌క్వాలిఫైడ్ ఒపీనియన్' అని వచ్చింది. వెనక బెంచీలో ఓ పెద్దాయన లేచి, 'లెక్కలకి అర్హత లేదని రాస్తే మీరు చప్పట్లు కొడతారేమయ్యా' అని గట్టిగా అడిగారు. ఆయన అడిగింది తప్పు కాదు. డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్లని పేపర్లు అన్‌క్వాలిఫైడ్ అనే రాస్తాయి మరి.

క్వాలిఫై అన్న క్రియకి రెండో అర్థం ఉంది, హద్దు పెట్టడం అని. హైస్కూల్లో గ్రామరు చెప్పేటప్పుడు విశేషణం నామవాచకాన్ని క్వాలిఫై చేస్తుందని నేర్పారు గుర్తుందా? 'ఇల్లు' అంటే ఏ ఇల్లయినా కావచ్చు, 'పెంకుటిల్లు' అంటే హద్దు పడింది. ఆడిటరు క్వాలిఫైడ్ ఒపీనియన్ ఇచ్చాడంటే 'లెక్కలు సరిగానే ఉన్నాయి, ఫలానా విషయం తప్ప' అని షరతు పెట్టాడన్నమాట. అన్‌క్వాలిఫైడ్ అంటే ఏ షరతూ లేకుండా బాగున్నాయని. ఇప్పటి ఆడిటింగ్ ప్రమాణాల్లో దీన్ని అన్‌మాడిఫైడ్ అంటున్నారు. క్వాలిఫైడ్ కంటే గడ్డువి మరో రెండున్నాయి. లెక్కలు తప్పని తేల్చేది అడ్వర్స్, అభిప్రాయమే చెప్పలేననేది డిస్‌క్లెయిమర్. సంఘంలో మీ డబ్బుంటే ఈ నాలుగు మాటలూ వచ్చి ఉండటం మంచిది.

పై అధికారి మీ ప్రతిపాదనకి 'క్వాలిఫైడ్ సపోర్ట్' ఇస్తున్నానన్నా అంతే. పూర్తి మద్దతు కాదది. షరతులేమిటో అడగండి.

8. ఎన్‌టైటిల్డ్ దగ్గర బతిమాలకండి

రేషన్ డిపో దగ్గర ముసలమ్మలు చేతులు జోడించడం చూస్తే నాకు కడుపు మండుతుంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం మూడో సెక్షన్ చదవండి. ప్రాధాన్య కుటుంబాల్లో ప్రతి మనిషీ నెలకి 5 కిలోల ధాన్యానికి ఎన్‌టైటిల్డ్. అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. జాబితాలోకి ఎక్కడం వరకు ఎలిజిబిలిటీ, అక్కడ విచారణలూ నిబంధనలూ ఉంటాయి. ఎక్కాక అది హక్కు. ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం అడగొచ్చని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. మన కరపత్రాల్లో రెంటినీ 'అర్హులైన లబ్ధిదారులు' అని కలిపేశారు. దాంతో హక్కు కాస్తా దయ అయి కూర్చుంది. మీలో రేపు ఆఫీసర్లయ్యేవాళ్లు ఉత్తర్వు తెలుగులో రాసేటప్పుడు ఎన్‌టైటిల్డ్ ఉన్నచోట 'హక్కుదారు' అని రాయండి. ఆ ఒక్క మాటకి డిపో ముందు నిలబడ్డవాళ్ల నడుం నిటారవుతుంది.

9. ఇక ఉత్తరం రాసేటప్పుడు

మొన్న బీటెక్ అయిన అమ్మాయి ఒక కంపెనీకి పంపే ఉత్తరం చూపించింది. 'ఐ యామ్ ఎలిజిబుల్ అండ్ సూటబుల్ క్యాండిడేట్ ఫర్ యువర్ జాబ్, కైండ్లీ కన్సిడర్' అని మొదలైంది. ఎలిజిబుల్ అన్నది వాళ్ల రూలు చూసి వాళ్లే తేల్చుకుంటారమ్మా, సూటబుల్ అన్నది వాళ్ల మాట, నీ నోట అది నప్పదు అన్నాను. నీ చేతిలో ఉన్నది నీ క్వాలిఫికేషను, నువ్వు చేసిన పని. 'ఐ యామ్ క్వాలిఫైడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్' అని రాయి, దాని కిందే నువ్వు కాలేజీలో తయారుచేసిన ఆ నీటి మోటారు కంట్రోలరు గురించి రెండు వాక్యాలు రాయి అన్నాను. 'రైతులు వాడుతున్నారు, అది కూడా రాయొచ్చా తాతగారూ' అంది. ముందు రాయాల్సిందే అది!

వెంట వచ్చే చిన్న మాటలు కూడా చూసుకోవాలి. పోస్టుకైతే ఎలిజిబుల్ ఫర్, చేసే పనికైతే ఎలిజిబుల్ టు అప్లై. డాక్టరుగా అయితే క్వాలిఫైడ్ యాజ్, సబ్జెక్టులో అయితే క్వాలిఫైడ్ ఇన్. సూటబుల్ వెనక ఫర్, సూటెడ్ వెనక టు. ఏబుల్ వెనక టు వస్తుంది, కేపబుల్ వెనక ఆఫ్ వచ్చి క్రియకి ఇంగ్ చేరుతుంది. 'కేపబుల్ టు డూ' అని మనవాళ్లు తెగ రాస్తారు, అది తప్పు. డిజర్వ్ అన్న క్రియ వెనక ఏదీ అక్కర్లేదు, 'డిజర్వ్స్ ఫర్ ప్రమోషన్' అనకూడదు. ఆప్ట్ టు అని రాసేముందు ఆలోచించండి. 'హి ఈజ్ ఆప్ట్ టు ఫర్గెట్' అంటే మరిచిపోయే అలవాటున్నవాడని అర్థం, తగినవాడని కాదు.

ఆ అమ్మాయి ఉత్తరం మూడోసారి తిరగరాసింది. కైండ్లీ కన్సిడర్ తీసేసింది. కంట్రోలరు సంగతి పైకి వచ్చింది, ఏ ఊళ్లో ఎంతమంది రైతులు వాడుతున్నారో కూడా చేర్చింది. మెయిలు పంపేముందు ఆఖరి తేదీ చూశావా అని అడిగాను, ఫోనులో తీసి చూపించింది.